వడ్డించేవాడు మనవాడైతే...

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. కంప్యూటర్లంటే సముద్రం. అందులోంచి ఒక చెంబుడు నీళ్లే తెచ్చాను. ఇంట్లో పాతబడిన ఒక కంప్యూటరును వెబ్ సర్వరుగా మార్చి, దాని మీద పీహెచ్‌పీ లాంటి ఒక స్క్రిప్టింగ్ భాషను కూర్చోబెట్టడం ఎలా, ఎందుకు అన్నదే నా విషయం. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సర్వసభ్య సమావేశంలో ఒక అంశం చర్చకు వస్తుంది: మన సభ్యుల జాబితా, పాత ఫొటోలు, విరాళాల లెక్కలు ఇకముందు ఎక్కడ ఉంచాలి, ఎవరి చేతిలో ఉంచాలి? చేయెత్తే ముందు ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో నలుగురికీ తెలిస్తే మంచిది.

ముందు సర్వరు అంటే ఏమిటి? మన మాటలో చెప్పాలంటే వడ్డించేవాడు. పెళ్లిలో బంతి వేస్తారు. కూర్చున్నవాడు "పప్పు" అంటాడు, వడ్డించేవాడు పప్పు తెచ్చి వేస్తాడు. మీ ఫోనులోని బ్రౌజరు బంతిలో కూర్చున్న మనిషి. అది ఫలానా పేజీ కావాలని అడుగుతుంది. అవతల ఎక్కడో ఒక యంత్రంలో అపాచీ అనో ఇంజిన్‌ఎక్స్ అనో పేరున్న ప్రోగ్రాము ఆ పేజీ తీసి ఇస్తుంది. దాని పని అంతే. వండటం దానికి రాదు.

ముందే చేసి గంపలో పెట్టిన లడ్డూలైతే వడ్డించేవాడు ఒక్కడే చాలు. అవే మారని పేజీలు. పెసరట్టు అలా కాదు. ఒకరు ఉల్లిపాయ వద్దంటారు, ఒకరు అల్లం ఎక్కువ వెయ్యమంటారు. అడిగినప్పుడే పెనం మీద పోయాలి. దానికి వంటమనిషి కావాలి. ఆ వంటమనిషే స్క్రిప్టింగ్ భాష. వడ్డించేవాడు అడిగినదాన్ని లోపలికి చెబుతాడు, వంటమనిషి అప్పటికప్పుడు చేసి ఇస్తాడు, వడ్డించేవాడు పట్టుకొచ్చి ఇస్తాడు. తినేవాడికి విస్తట్లో పడ్డదే తెలుస్తుంది గానీ వంటింట్లో సంగతి తెలియదు. మీ బ్రౌజరుకు కూడా తయారైన పేజీయే వస్తుంది, పీహెచ్‌పీ రాత కనిపించదు.

ఇదంతా లెక్కల తరగతిలో మనం విన్నదే. ముందు సూత్రం రాయండి, తర్వాత విలువలు ప్రతిక్షేపించండి అనేవారు మాస్టార్లు. స్క్రిప్టు చేసేదీ ప్రతిక్షేపణే. పేజీ సూత్రం, పేర్లూ అంకెలూ విలువలు.

దీనివల్ల లాభం ఏమిటో చీరాలను తీసుకుని చూద్దాం. 1970కి ముందు చీరాల గుంటూరు జిల్లా. ఆ ఏడు ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4 నుంచి చీరాల బాపట్ల జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా నాలుగు రకాలైంది. మన జాబితాలో చీరాలలో స్థిరపడినవాళ్లు అరవైమంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికీ విడివిడిగా పేజీ రాసిపెడితే అరవై చోట్ల దిద్దాలి, అందులో నాలుగైదు తప్పకుండా మిగిలిపోతాయి. అదే "చీరాల ఏ జిల్లా" అన్నది ఒక్కచోట రాసి, స్క్రిప్టు అక్కడినుంచి తెచ్చుకునేలా చేస్తే ఒక్క దిద్దుబాటుతో అరవై పేజీలూ సరవుతాయి.

పీహెచ్‌పీ పుట్టిందే ఒక సొంత పేజీ కోసం. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన, తన వివరాల పేజీని ఎందరు చూస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని చిన్న పనిముట్లు రాసుకుని, 1995 జూన్ 8న అందరికీ ఉచితంగా ఇచ్చాడు. పర్సనల్ హోమ్ పేజ్ అన్న మూడు మాటల మొదటి అక్షరాలే పీహెచ్‌పీ. మన తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని నడిపే మీడియావికీ అన్న సాఫ్ట్‌వేరు ఈ భాషలో రాసిందే. మన చుట్టుపక్కల గ్రామాలకు అందులో పేజీలున్నాయి. మీ ఊరి పేజీ తెరిచి ఒక అక్షరం దిద్దితే, ఆ దిద్దుబాటును అందుకుని దాచేది పీహెచ్‌పీయే. పైథాన్, పెర్ల్ లాంటి వేరే భాషలతోనూ ఈ పని చేయొచ్చు. ఇంటి సర్వరు మీద మొదటిసారి చేసేవాళ్లకు పీహెచ్‌పీ తేలిక అని నా అభిప్రాయం.

ఇక పనిలోకి దిగుదాం. ఏ యంత్రం కావాలి? కొత్తది కొనక్కర్లేదు. పిల్లలు వదిలేసిన ల్యాప్‌టాప్ చాలు. దాంట్లో బ్యాటరీ బాగుంటే అదే ఇన్వర్టరు. కరెంటు పోయినప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే, ఆ క్షణంలో రాస్తున్న సమాచారం సగంలో తెగిపోయే ప్రమాదం ఉంది. బ్యాటరీ ఉబ్బిందా, దాన్ని మాత్రం వాడొద్దు. ఖర్చు సంగతి చూస్తే, 60 వాట్ల డెస్క్‌టాప్ రాత్రీపగలూ నడిస్తే రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43 యూనిట్లు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు 5 వాట్లతో నడిస్తే నెలకు 3.6 యూనిట్లు. మన ఎండలు మీకు తెలియనివి కావు. రెంటచింతలలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో బీరువా మీద, గోడకు ఆనించి పెట్టిన యంత్రం వేడికి తట్టుకోదు. జిన్నింగు మిల్లుకు దగ్గరగా ఇల్లుంటే దూది నూగు ఫ్యానుకు పట్టుకుంటుంది, అప్పుడప్పుడూ మూత తీసి దులపాలి.

యంత్రం మీద ఉబుంటు గానీ డెబియన్ గానీ వేసుకోండి. రెండూ లైనక్స్ రకాలు, రెండూ ఉచితం. తర్వాత నాలుగు వస్తువులు దించుకోవాలి. వడ్డించడానికి అపాచీ, వండటానికి పీహెచ్‌పీ, సరుకు దాచే కొట్టుగది లాంటి మరియాడీబీ. నాలుగోదాన్నే చాలామంది మరిచిపోతారు. అది అపాచీకీ పీహెచ్‌పీకీ మధ్య తలుపు. దాన్ని మాడ్యూలు అంటారు. వంటమనిషి వచ్చాడు, వడ్డించేవాడూ వచ్చాడు, వంటింటి తలుపు మాత్రం మూసి ఉందంటే బంతి సాగదు కదా. విండోస్ తప్ప వేరేది అలవాటు లేనివాళ్లకు ఇవన్నీ ఒకే మూటగా కట్టి ఇచ్చే జాంప్ అనే పొట్లం ఉంది. నేర్చుకోవడానికి అది చాలు.

అన్నీ దిగాక, అపాచీ పేజీలు వెతికే ఫోల్డరులో ఒక చిన్న ఫైలు పెట్టండి. అందులో పీహెచ్‌పీఇన్ఫో అన్న ఒక్క ఆదేశం ఉంటే చాలు. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొట్టి, పక్కన గీత గీసి ఆ ఫైలు పేరు రాయండి. లోకల్‌హోస్ట్ అంటే ఈ యంత్రమే. అంకెల్లో దాని చిరునామా 127.0.0.1. పెద్ద పట్టిక ఒకటి వచ్చిందంటే వంటింటి తలుపు తెరుచుకున్నట్టే. చూసిన వెంటనే ఆ ఫైలు తీసెయ్యండి. అది మీ యంత్రం గుట్టంతా బయటపెడుతుంది.

పట్టిక రాకపోతే కంగారు పడొద్దు. వచ్చే తిప్పలు చాలావరకు ఈ అయిదే.

మొదటిది, పట్టికకు బదులు మీరు రాసిన రాతే తెర మీద కనబడటం. వంటమనిషికి చెప్పకుండా పచ్చి పిండి తెచ్చి విస్తట్లో పోశారన్నమాట. తలుపు, అంటే ఆ మాడ్యూలు, పెట్టలేదు. లేదా పెట్టాక అపాచీని ఒకసారి ఆపి మళ్లీ నడపలేదు. ఫైలును ఫోల్డరులోంచి నేరుగా రెండు నొక్కులు నొక్కి తెరిచినా ఇంతే జరుగుతుంది, ఎందుకంటే అప్పుడు సర్వరుకు సంబంధమే లేదు.

రెండోది, ఏ అక్షరమూ లేని తెల్ల పేజీ. రాతలో ఎక్కడో తప్పుంది, ఆ తప్పును తెర మీద చూపొద్దని అమరికలో ఉంది. లాగ్ అనే చిట్టా తెరవండి. ఏ ఫైలులో ఎన్నో వరసలో తప్పో అక్కడ రాసి ఉంటుంది. చాలాసార్లు అది మరిచిపోయిన ఒక సెమీకోలన్.

మూడోది, మీరు కొత్త పేజీ పెట్టినా పాత స్వాగత పేజీయే రావడం. ఒకే ఫోల్డరులో ఇండెక్స్ అన్న పేరుతో హెచ్‌టీఎంఎల్ ఫైలూ పీహెచ్‌పీ ఫైలూ రెండూ ఉంటే, డెబియన్, ఉబుంటులలో అపాచీ ముందు హెచ్‌టీఎంఎల్‌నే ఇస్తుంది.

నాలుగోది, గడియారం అయిదున్నర గంటలు వెనక ఉండటం. పీహెచ్‌పీ మామూలుగా గ్రీనిచ్ లెక్కన నడిచే ప్రపంచ సమయం చెబుతుంది. అమరికలో ఏషియా, కోల్‌కతా అని రాస్తే మన సమయం చూపిస్తుంది.

అయిదోది మనకు బాగా అవసరం, ఎందుకంటే మనం ఎక్కించబోయేవి ఫొటోలు. పీహెచ్‌పీ మామూలు అమరికలో 2 మెగాబైట్లకు మించిన ఫైలును లోపలికి రానివ్వదు. ఇప్పటి ఫోనులో తీసిన ఫొటో తరచూ అంతకన్నా పెద్దదే. ఆ హద్దు పెంచేటప్పుడు ఒక్కసారికి వచ్చే మొత్తం సమాచారానికి వేరే హద్దు ఉంటుందని గుర్తుంచుకోండి. అది 8 మెగాబైట్లు. దాన్ని కూడా పెంచాలి.

తెలుగు మాష్టార్లున్నారు కాబట్టి ఇప్పుడు అక్షరాల సంగతి. "మిర్చి" అన్న మాటలో అక్షరాలెన్ని? రెండు అంటారు మీరు. పీహెచ్‌పీలో పొడవు కొలిచే మామూలు ఆదేశాన్ని అడిగితే 18 అంటుంది. యూనికోడ్‌లో మకారం, గుడి, రకారం, పొల్లు, చకారం, గుడి కలిపి ఆరు గుర్తులు. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది. బహుభాషల కోసం వేరే ఆదేశం ఉంది, దాన్ని అడిగితే ఆరు అంటుంది. రెండు అనడానికి ఇంకో పనిముట్టు కావాలి. ఇది వేడుక కోసం చెప్పడం లేదు. పేరుకు పది బైట్ల చోటే ఇచ్చి మిగతాది కోసేయమని స్క్రిప్టుకు చెబితే, మూడు గుర్తులు పోను నాలుగోదాన్ని నడుముకు నరుకుతుంది. ఆ చోట ప్రశ్నార్థకం ఉన్న నల్ల డబ్బా కనిపిస్తుంది. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి సరిపెట్టుకుంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. పరీక్ష తెలుగు పేర్లతోనే పెట్టండి.

దీనికి తోడు ఇంకొకటి. మన సావనీర్లు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో తయారవుతుంటాయి. ఆ ఫైలును ఉన్నదున్నట్టు వెబ్ పేజీలో పెడితే తెలుగు రాదు, అర్థంలేని గుర్తులొస్తాయి. అందుకే అచ్చుకిచ్చిన ప్రతి రచనకూ యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి ఒకటి అడిగి తీసుకోమని సంపాదకవర్గానికి మనవి.

ఇక పిల్లలకు ఒక అభ్యాసం. మీ నాన్నగారు మిర్చి యార్డుకు వెళ్లి వచ్చేటప్పుడు తక్‌పట్టీ తెస్తారు. టిక్కీలెన్ని, తూకమెంత, క్వింటాలు ధరెంత, కోతలేమిటి, చేతికి వచ్చిందెంత అన్నీ అందులో ఉంటాయి. ఆ లెక్క వేసే పేజీ రాయండి. ఉదాహరణకు 18 టిక్కీలు, 7 క్వింటాళ్ల 92 కిలోలు, క్వింటాలు 14,500 రూపాయలు అనుకుంటే మొత్తం 1,14,840 రూపాయలు. కోతలు ఏవేవి ఉన్నాయో తక్‌పట్టీ చూసి ఒక్కొక్కటీ వేరే గడిలో అడగండి, కలిపేసి ఒకే అంకె వెయ్యొద్దు. పీహెచ్‌పీలో ఇది ముప్ఫై వరసలు దాటదు. కాగితం మీద ఉన్నదానికీ మీ పేజీ చెప్పినదానికీ తేడా వస్తే, తప్పు మీ లెక్కలో ఉందా కాగితంలో ఉందా అని అడగడం మొదలవుతుంది. కంప్యూటరు నేర్చుకోవడమంటే నాకు తెలిసినంతలో అదే. ఆ పేజీ ఇంట్లో వైఫై మీద అమ్మ ఫోనులో కూడా తెరుచుకుంటుంది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఇంటి బయటికి ఇవ్వడం మాత్రం వేరే పని. మీ రూటరు ఇంట్లో యంత్రాలకు 192.168 తో మొదలయ్యే చిరునామాలిస్తుంది. అవి వీధి గుమ్మం దాటి చెల్లవు. బయటి చిరునామా రోజుకొకటి మారొచ్చు. చాలామంది ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతున్నారు కాబట్టి, మీ ఇంటి తలుపు బయటినుంచి తట్టే దారే లేకపోవచ్చు. దారి ఉందనుకోండి, తలుపు తెరిచిన గంటల్లోనే ముక్కూముఖం తెలియని ప్రోగ్రాములు వచ్చి తాళాలు కదిపి చూస్తాయి. మీమీద పగ ఉండి కాదు, ప్రపంచంలో ప్రతి తలుపునూ అవి అలాగే కదుపుతాయి.

అందుకని మూడు నియమాలు. పేరు అడిగిన గడిలో పేరే రాస్తారని నమ్మకూడదు. అక్కడ డేటాబేసుకు ఆదేశం రాసి జాబితా మొత్తం లాగేవాళ్లుంటారు. వచ్చిన మాటను ఆదేశంలో కలిపి కుట్టకుండా, సూత్రం వేరు, విలువ వేరుగా పంపే పద్ధతి పీహెచ్‌పీలోనే ఉంది. మళ్లీ మాస్టారి ప్రతిక్షేపణే. రెండోది, పాత పుస్తకాలు చూసి రాయొద్దు. డేటాబేసుతో మాట్లాడటానికి ఒకప్పుడు అందరూ వాడిన మైఎస్‌క్యూఎల్ ఆదేశాల వరసను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో పూర్తిగా తీసేశారు. పీహెచ్‌పీ 7.4కు భద్రతా మరమ్మతులు 2022 నవంబరుతో ఆగిపోయాయి. పెట్టేసి మరిచిపోతే కుదరదు, మిరప చేనులాగే వారం వారం చూసుకోవాలి. మూడోది, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, విరాళాల మొత్తాలు బయటికి తెరిచిన సర్వరు మీద పెట్టకూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా, మనల్ని నమ్మి నంబరు ఇచ్చిన చెల్లెమ్మకు అర్ధరాత్రి ఎవడో ఫోను చేస్తే జవాబు చెప్పాల్సింది మనమే.

ఇక్కడ మా బ్యాచ్ సంగతి ఒకటి చెప్పాలి. మా జాబితా అంతా ఒక మిత్రుడు తయారుచేశాడు. ఎవరు ఏ ఊళ్లో ఉన్నారు, ఎవరి రక్తం ఏ గ్రూపు, ఎవరికి సాయం కావాలి, అన్నీ ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. ఆయన హఠాత్తుగా పోయారు. ఆ ల్యాప్‌టాప్ పాస్‌వర్డు ఇంట్లో ఎవరికీ తెలియదు. కర్మకాండకు ఎవరెవరికి కబురు చెయ్యాలో ఆ జాబితాలోనే ఉంది. మేం ఒకళ్ల నుంచి ఒకళ్లకు ఫోన్లు చేసుకుంటూ వెళ్లాం. పదకొండో రోజుకు కూడా కొందరికి తెలియలేదు. ఇప్పటికీ ఒకరిద్దరు ఎదురుపడితే "నాకెందుకు చెప్పలేదు" అంటారు.

అందుకే, సర్వరు పెట్టడం నేను చెప్పినంతా కలిపి ఒక ఆదివారం పని. అసలు పని, పెట్టినవాడు లేనప్పుడు కూడా అది నడిచేలా చూడటం. వాట్సాప్ గుంపు ఉందిగా అంటారు కొందరు. కబురుకు అది బాగుంది. కానీ మూడేళ్ల కిందట పెట్టిన ఫొటో అందులో వెతికి చూడండి. నెలకు కొంత కడితే సర్వరు అద్దెకు దొరుకుతుందిగా అంటారు మరికొందరు. నిజమే, లోకమంతా చూడాల్సిన పేజీలకు అదే మంచిది. ఎవరి ఇంట్లోనో కరెంటు పోతే సంఘం పేజీ ఆగిపోకూడదు. నేనూ అదే చెబుతాను.

కాబట్టి నా సూచన ఇది. లోకానికి చూపే పేజీలు, అంటే బడి చరిత్ర, ఉత్సవాల ఫొటోలు, ఈ సంచిక, అద్దె సర్వరు మీద ఉంచుదాం. సభ్యుల జాబితా, లెక్కలు మన బడి కంప్యూటర్ గదిలో ఒక చిన్న సర్వరు మీద, బడి దాటి బయటికి తలుపు లేకుండా, ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుంటే ఉంచుదాం. దాని పాస్‌వర్డు ఒక్కరికి కాదు, ముగ్గురికి తెలియాలి. కాగితం మీద రాసి కవరులో పెట్టి బీరువాలోనూ ఉండాలి. ప్రతి నెలా ఒక నకలు వేరే ఊళ్లో ఉన్న సభ్యుడి దగ్గరికి వెళ్లాలి. ఏడాదికొకసారి ఆ నకలుతో కొత్త యంత్రం మీద మొత్తం మళ్లీ నిలబెట్టి చూడాలి. తిరిగి లేవని నకలు నకలు కాదు. ఆ నిలబెట్టే పని తొమ్మిదో తరగతి పిల్లల చేత చేయించాలి. ప్రతి ఏడూ కొత్త పిల్లలు చేస్తే, ప్రతి ఏడూ ఇద్దరికైనా వస్తుంది. పీహెచ్‌పీ పోయి రేపు ఇంకో భాష రావొచ్చు. ఆ సరుకును కొత్త వంటింటికి మార్చేవాళ్లు అప్పుడు ఈ బడిలోనే ఉంటారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్నారు పెద్దలు. మనవాడు అంటే మన కులంవాడో మన బ్యాచ్‌వాడో అని కాదు, మనకు తెలిసినవాడు, రేపు రాకపోతే ఆ చోట ఎవరు నిలబడాలో కూడా మనకు తెలిసినవాడు అని నేను అర్థం చేసుకున్నాను. నా పాత ల్యాప్‌టాప్ ఒకటి కార్లో ఉంది. బ్యాటరీ బాగానే ఉంది. సమావేశం ఒప్పుకుంటే సాయంత్రం కంప్యూటర్ గదిలో పెట్టి వెళతాను. కిటికీ దగ్గరున్న పిల్లల్లో ఎవరికైనా ఆసక్తి ఉంటే ఆ గదికి రండి. నేను పక్కన కూర్చుంటాను, మీట నొక్కేది మీరే.